గోడవైపు తిరిగిన డోలు

"ఇవాళ్టి ప్రదర్శనలో చివరి నృత్యం నువ్వు చేయొద్దమ్మా," అంది కెజియా.

నడుముగుడ్డ బిగించుకుంటున్న అర్నెటా చేతులు ఆగిపోయాయి. "బాల్టిమోర్‌లో ఈ బృందం పెట్టిందే నేను. నన్నే దిగిపొమ్మంటావా?"

"సగం బాధ్యత నాకు అప్పజెప్పావుగా, అందుకే చెబుతున్నా. నీ మోకాలు సహకరించట్లేదు."

"నా మోకాలికి లేని నొప్పి నీకెందుకే? డోలు ముక్తాయించగానే కాళ్లు అడుగు మార్చాలి. అదేగా మన కట్టుబాటు? ఎన్నడైనా తప్పానా? లమార్, నువ్వే చెప్పరా!"

డోలు ముందు కూర్చున్న లమార్ తల వంచుకున్నాడు.

"గోడవైపు తిరిగి వాయించు లమార్," అంది కెజియా.

అతను కదల్లేదు.

"తిరగరా!" అర్నెటా కసిరింది. తిరిగాడు.

డోలు మోగింది. అర్నెటా ఎగిరింది, గిర్రున తిరిగింది. అంతలో ముక్తాయింపు పడింది. ఆమె కాళ్లు ఇంకా పాత అడుగులోనే ఉన్నాయి.

డోలు ఆగింది. అర్నెటా లమార్ వైపు తిరిగింది.

"ఎన్నాళ్లుగా నా కాళ్లు చూసి వాయిస్తున్నావురా?"

"రెండేళ్లయిందమ్మా," అన్నాడు గోడకేసే చూస్తూ.

అర్నెటా వంగి, డోలు ముందు నేలను తాకి మొక్కింది. నడుముగుడ్డ విప్పి కెజియాకు కట్టి, ముడి గట్టిగా బిగించింది.

"ఇటు తిరుగు లమార్. దీని కాళ్లు మాత్రం చూడకు."