సగటు పన్నెండు నిమిషాలు

కొత్త మేనేజరు కుర్చీలో కూర్చున్నాడు. లేచాడు. మళ్లీ కూర్చున్నాడు.

గోడమీది తెరలో అంకె మారలేదు. వినికిడి యంత్రం బాగుచేయడానికి పన్నెండు మంది పనివాళ్ల సగటు పదిహేను నిమిషాలు.

నెలాఖరుకి అది పన్నెండుకి దిగకపోతే మరమ్మతుల విభాగమే మూసేస్తామని పైవాళ్లు మొహంమీదే చెప్పారు. పన్నెండు ఉద్యోగాలు, పదమూడోది తనది. అతనికి భయంగానే ఉంది.

పేర్ల జాబితా చూశాడు. అందరివీ పది, పదకొండు. అట్టడుగున కిటికీ పక్క పెద్దావిడ, యాభై ఎనిమిది నిమిషాలు.

గబగబా ఆవిడ బల్ల దగ్గరికి వెళ్లాడు.

"ఏమ్మా, పొద్దుట్నుంచి ఒక్కదాన్నే పట్టుకుని కూర్చున్నారు?"

"మొండిది బాబూ. పెట్టుకోగానే పలుకుతుంది, తల తిప్పితే ఆగిపోతుంది."

"మొండిదో మంచిదో నాకనవసరం. నాకు నిమిషాలు కావాలి."

"అలాగే బాబూ" అంది. మళ్లీ యంత్రం మీదికి వంగింది.

శనివారం ఆవిడ చేతిలో కాగితం పెట్టి పంపించేశాడు.

సోమవారం తెరమీద పదకొండు. పైవాళ్లు ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నారు. హమ్మయ్య అనుకున్నాడు.

బుధవారం పదమూడు.

గురువారం పదిహేడు.

శుక్రవారం పొద్దున అతను కాలుగాలిన పిల్లిలా బల్లల మధ్య తిరుగుతున్నాడు. పది నిమిషాల్లో పని తెమిల్చే చురుకైనవాడు, ఒకే యంత్రం ముందు రెండు గంటలుగా చెమటలు కక్కుతున్నాడు.

"నీకేమైందయ్యా?"

"నాకేం కాలేదు సార్. ఇలాంటివి చెయ్యడం నాకు రాదు."

"మరి ఇన్నాళ్లూ ఎలా చేశావు?"

వాడు కిటికీ పక్క ఖాళీ బల్ల వైపు చూశాడు. పక్కవాళ్లూ అటే చూశారు.

మేనేజరుకి ఒళ్లు మండింది, కానీ ఎవరిమీద మండిపడాలో తెలియలేదు. గదిలోకెళ్లి పెద్దావిడకి ఫోన్ చేశాడు.

"అమ్మా, ఇక్కడ ఒక యంత్రం కొరుకుడు పడటం లేదు. ఒకసారి రాగలరా?"

"నిన్ననే ఇంకోచోట చేరాను బాబూ. ఎవరి చేతిలో ఉంది?"

చెప్పాడు.

"వాడికి తొందరెక్కువ. అతుకు దగ్గర సన్నగా పగులుంటుంది, భూతద్దం పెట్టి నిదానంగా వెతకమనండి."

"రేపట్నుంచి ఇక్కడికే వచ్చేయండమ్మా. తప్పు నాదే."

"వాళ్లకి మాటిచ్చేశాను బాబూ. ఏమనుకోకండి."

ఆ మాటలో కోపం లేకపోవడంతో అతనికి మరీ సిగ్గనిపించింది.

అలమారలోంచి పోయిన నెల పనిచీటీల కట్ట దించాడు. ఆవిడవి వేరు చేశాడు. నూట డెబ్బై ఆరు.

ప్రతి చీటీ మీదా ముందు ఇంకెవరిదో పేరు, టైమూ రాసి, పది నిమిషాలు దాటకముందే కొట్టేసి, కింద ఆవిడ పేరు రాశారు. ఆ పదకొండు మందికీ చేతకాని పనంతా నెల పొడుగునా ఆవిడొక్కతే చేసింది.