వెడల్పాటి ఆకు

బల్ల మీద మూడు కుండీలు. మోకాలెత్తు మొక్కలు, గుబురు పూత, వెడల్పాటి ఆకులు. అవి గంజాయి మొక్కలా కావా అన్నది ఇవాళ కోర్టు తేల్చాలి. గంజాయేనని తేలితే ముద్దాయికి పదేళ్ళ జైలు. కాదంటే ఇప్పుడే ఇంటికి.

కొండపండితుడు వాటికేసి మురిపెంగా చూశాడు. స్నేహితులు పెట్టిన పేరది. కొండజాతి మొక్కల మాట ఎవరైనా కదిపితే చాలు, గంటసేపు బుర్ర తినేస్తాడు. వెనక బెంచీలో అతని భార్య పొద్దుటి నుంచీ చేతిరుమాలు నలుపుతూనే ఉంది.

పరీక్షకు పంపాల్సిన ఆకుల్ని పోలీసులు ప్లాస్టిక్ సంచిలో బిగించి శుభ్రంగా కుళ్ళబెట్టారు. ఇక మిగిలింది ఇన్‌స్పెక్టరు మాటే. తాను ఇన్నాళ్ళూ పట్టుకున్న గంజాయంతా నిలువెత్తు మొక్కలేననీ, వాటివి సన్నాకులనీ, వీటిని చూస్తే తనకే అనుమానంగా ఉందనీ ఆయన నీళ్ళు నమిలాడు.

పండితుడికి నవ్వాగలేదు. సన్నాకు తప్ప మరోటి ఎరగని మొహాలు.

ముద్దాయి తరఫు లాయరు హుషారుగా లేచాడు. ఇవి వరండాల్లో పెట్టుకునే షోకు మొక్కలనీ, క్రోటన్ల బాపతనీ తేల్చేశాడు. ఇన్‌స్పెక్టరు కూడా తలూపాడు.

పండితుడికి తల కొట్టేసినట్టయింది.

జడ్జిగారు బోను వైపు తిరిగి, "మీరేమైనా చెబుతారా?" అని అడిగారు.

"క్రోటన్లా?" పండితుడు పెదవి విరిచాడు. "మంచు పడే కొండల్లో పుట్టిన జాతండీ ఇది. చలి ముదిరేలోపే పూత ముగించుకోవాలి. అందుకే ఇలా పొట్టిగా, గుబురుగా పెరుగుతుంది. ఆ సన్నాకుది మైదానాల సరుకు, తాడిలా ఎదగడం తప్ప దానికేం చేతకాదు."

లాయరు దగ్గాడు. కళ్ళతో సైగ చేశాడు. ఆఖరికి బల్ల మీద చేత్తో కొట్టాడు. పండితుడు అతణ్ణి పురుగును చూసినట్టు చూశాడు.

"అంటే ఇది గంజాయేనంటారు?" అన్నారు జడ్జిగారు.

"ఆ పూత నలిపి వాసన చూడండి. గంజాయిలో ఇంత నికార్సైన రకం ఈ చుట్టుపక్కల ఇంకెక్కడా దొరకదు."

"చాలు, ఇక నోరు ముయ్యండి," అని వెనక నుంచి భార్య గొంతు వినిపించింది. అతను వినిపించుకోలేదు. తెలిసిన సంగతి చెప్పకుండా ఉండటం అతని ఒంట్లో లేదు.

జడ్జిగారు పూత నలిపారు, వాసన చూశారు, పదేళ్ళు వేశారు.

"రోజూ నీళ్ళు పొయ్యకండి, వేరు కుళ్ళుతుంది," అని కుండీలెత్తుతున్న కానిస్టేబులును కసురుతూ, కొండపండితుడు బేడీలకు చేతులు చాచాడు.