వంటగది పిల్లి, తుప్పు బోల్టు

భర్త అడుగుల చప్పుడు వినబడగానే ఆమె చేతిలోని పుస్తకాన్ని కుట్టుమిషను మీదున్న స్కూలు యూనిఫారాల కిందికి తోసేసింది.

"ఏంటి దాస్తున్నావు?"

"దాచుకోడానికి ఈ ఇంట్లో ఏం మిగిలిందని?"

ఆయన అద్దం వైపు చూడకుండానే డ్రైవరు చొక్కా బొత్తాలు పెట్టుకున్నాడు. పొద్దుటినుంచి రాత్రిదాకా సిటీ బస్సులో ఊరందర్నీ మోసే మనిషి, ఇంట్లో ఒక్క మాట మోయలేడు.

"ఈవేళ ఆలస్యమవుతుంది. డబుల్ డ్యూటీ."

"నేనూ బయటికెళ్తున్నా. ఇవి స్కూల్లో ఇచ్చిరావాలి." కాస్త ఆగి అంది, "నిన్న వాడు కల్లోకొచ్చాడండీ..."

"వాడి ఊసెత్తొద్దని చెప్పానా లేదా?" గొంతు లేచింది. లేచినంత వేగంగానే తెగిపోయింది. తలుపు దభీమని మూసుకుంది.

రాయి, అనుకుంది. రాయికైనా ఎండకి వేడి పుడుతుంది.

రెండేళ్ళ కిందట కొడుకు పరీక్ష తప్పిన రోజున, వాడి పుస్తకాలన్నీ పాత కాగితాలవాడికి తూకానికి వేసింది ఈయనే. 'దిక్కులేని ఓడ' అనే నవలల వరస అది. కాలిపోయిన గ్రహం నుంచి బయల్దేరిన ఓడ ఒకటి నక్షత్రాల మధ్య రేవు వెతుక్కుంటూ తిరుగుతుంది. సంపుటం తర్వాత సంపుటం, వాడి చిన్నప్పటినుంచీ తిరుగుతూనే ఉంది. ఆ సాయంత్రం వాడు అరవలేదు, ఏడవలేదు. ఖాళీ అర ముందు కాసేపు నిలబడి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఫోను పనిచెయ్యలేదు. "మైనారిటీ తీరినవాడు, తనంతట తాను వెళ్ళాడు. మేమేం చేస్తామమ్మా?" అన్నారు స్టేషన్లో.

వెతకడానికి వీధులు అయిపోయాక ఆమె కుట్టు డబ్బులతో ఆ పుస్తకాలే ఒక్కోటీ మళ్ళీ కొని, వాటిలో వెతకడం మొదలుపెట్టింది. మొదటి సంపుటం చేదుమందులా మింగింది. అన్నీ నోరు తిరగని పేర్లు, అర్థంకాని యుద్ధాలు. మూడోది చదువుతూ స్టవ్ మీద పాలు పొంగబెట్టింది. అయిదోదానికల్లా, కుడుతున్న నిక్కరుకి ఒక కాలు పొడుగైపోయింది. ఏముంది వీటిలో అని కొడుకుని తిట్టిన నోటితోనే, ఏముందో ఆమె తెలుసుకుంది. ఈ ఓడలో ఎవరూ పూర్తిగా పోరు. అగాధంలోకి జారిపోయినవాడు కూడా రెండు మూడు పుస్తకాలు గడిచాక ఏదో చంద్రుడి మీద, గడ్డం పెరిగి, కనిపిస్తాడు. కథ అయిపోనంత కాలం తప్పిపోయినవాడు చనిపోయినట్టు కాదు. ఆ ఒక్క ఆశ కోసం ఆమె పేజీలు తిప్పింది.

తర్వాత ఫోన్లో ఆ పుస్తకాల పాఠకులు పోట్లాడుకునే పేజీ ఒకటి దొరికింది. వాడు ఇంటికి రాకపోవచ్చు, ఓడని వదిలి ఉండలేడు. 'వంటగది పిల్లి' అని పేరు పెట్టుకుని, కుర్రాడిలా మాట్లాడుతూ అక్కడ కాపు కాసింది. చాలాకాలానికి 'తుప్పు బోల్టు' అనేవాడు తగిలాడు.

ఒకసారి వాడు అడిగాడు: "నీ పుస్తకాలు ఎవరైనా పారేస్తే, వాళ్ళని క్షమిస్తావా?"

ఆమె కత్తెర పక్కన పెట్టి రాసింది: "నీవి పారేశారా?"

జవాబొచ్చింది. "ఒక ఇంట్లో పారేశారు. ఆ రోజు తర్వాత ఆ ఇల్లు నాకు ఇల్లులా లేదు."

"ఆ ఇంట్లో అమ్మ లేదా?"

"ఉంది. ఆమె మొహం చూసే ధైర్యం లేదు నాకు."

ఆ రోజు ఆమె మిషను ముందు కూర్చుని, నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చింది. ఇంకోసారి, ఓడ ఇంజన్ల గురించి వాదిస్తూ మధ్యలో ఉన్నట్టుండి రాశాడు: "వేళకి తింటున్నావా?" నేనెవరో వాడికి తెలిసిపోయింది, అడగలేక ఇలా అడుగుతున్నాడు అనుకుంది. నేను నీ అమ్మనిరా అని ఎన్నిసార్లు రాసి చెరిపేసిందో! బెదిరితే మళ్ళీ దొరకడు.

ఇప్పుడు ఆఖరి సంపుటం వస్తోంది. ఓడ రేవు చేరుతుంది. చేరాక ఇక ఏ పుస్తకం వాణ్ణి రప్పిస్తుంది? తెగించి అడిగింది: "ఎక్కడ కొంటావు?" వాడు రాసిన కొట్టు పేరు ఆమె రెండుసార్లు చదివింది. అది వాళ్ళ ఊరి కొట్టే. ఇన్నాళ్ళూ ఈ ఊళ్ళోనే ఉన్నాడా! "నేనూ అక్కడికే వస్తా" అని రాసింది.

పుస్తకం వచ్చిన ఈవేళ కొట్టు నిండా కుర్రాళ్ళు. కౌంటరులో అమ్మాయి నవ్వింది. "ఆంటీ, మీ అబ్బాయికా?"

"నాకేనమ్మా."

"భలే! ముందే ఆఖరి పేజీ చూసెయ్యకండి మరి."

"చూడను. నాకంత ధైర్యం లేదు."

ఒక కుర్రాడి మెడ వెనక కొడుక్కున్నట్టే సుడి చూసి అటు నడిచింది. వాడు ఇటు తిరిగాడు. కాదు. ఇంకొకడి నడక. కాదు. "తప్పుకోండి ఆంటీ" అని ఎవరో భుజం తోసుకుని వెళ్ళారు. ఫోన్లో తుప్పు బోల్టు మెసేజి వచ్చింది.

"వచ్చేశాను. లోపల, ఆఖరి అర వెనక ఉన్నాను. నువ్వు తిట్టాలనుకుంటే తిట్టు. వెళ్ళిపోకు."

ఆమె జనాన్ని మోచేతులతో తోసుకుంటూ నడిచింది. అర అంచు పట్టుకుని నిలబడి, "చిన్నోడా" అంటూ మలుపు తిరిగింది.

కొత్త పుస్తకాన్ని గుండెకి హత్తుకుని, రెండో చేత్తో ఫోను పట్టుకుని ఆమె భర్త నిలబడి ఉన్నాడు.