బోడితల, మట్టిగాజులు

రైలు చంద్రగిరి దాటింది. కిటికీలోంచి కొట్టిన గాలికి ఎదుటి బల్ల మీద కూర్చున్న పిల్ల కొంగు జారింది.

నున్నటి గుండు. దాని మీద పూసిన గంధం ఇంకా రాలిపోలేదు.

ధనంజయ నిటారుగా కూర్చున్నాడు. వెతకబోయిన తీగ కాలికే తగిలినట్టయింది.

అది రెండో ప్రపంచయుద్ధం ఆగిన మరుసటి ఏడు. అతను బొంబాయిలో సమాజశాస్త్రం చదువుతున్నాడు. మనుషులు ఒక్కో చోట ఒక్కో రకంగా ఎందుకు తింటారు, ఎందుకు పెళ్లాడతారు, ఎందుకు ఏడుస్తారు అని చెప్పే చదువు అది.

ఆ చదువుకు పోకముందు పరాయి కులం ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టేవాడు కాదు. ఇప్పుడు తిరుపతిలో ఇమాంసాహెబు ఇంట్లో భోంచేసి, హరిజనవాడలో గంజి తాగి వస్తున్నాడు. ఏ ఆచారమూ ఎక్కువ కాదు, ఏదీ తక్కువ కాదు అని అన్నం పెట్టినవాళ్లకే పాఠం చెప్పాడు. వాళ్లు ఓపిగ్గా విని ఇంకో ముద్ద వడ్డించారు.

అంతవరకు ఆ చదువు మంచిదే. కాకపోతే అతనిలో ఉన్న చీదర ఎక్కడికీ పోలేదు. చోటు మార్చుకుంది. ఒకప్పుడు కులం తక్కువ వాళ్లను చూస్తే కలిగేది, ఇప్పుడు అక్షరం రానివాళ్లను చూస్తే కలుగుతోంది.

మూడో తరగతిలో ఎక్కింది కూడా జనాన్ని చూడడానికే. బల్ల అంటకుండా కింద తువ్వాలు పరుచుకున్నాడు.

పిల్లకు పదిహేడేళ్లుంటాయి. తోడు వచ్చిన అవ్వ పక్కనే మూటకు ఆనుకుని నిద్రపోతోంది.

"భయపడొద్దు" అన్నాడు. "మాది చిత్తూరే. మునిరామయ్య కొడుకును, ధనంజయ అంటారు. బొంబాయిలో చదువుతా ఉండాను. మీ ఆచారాలు తెలుసుకుందామని."

పిల్ల చటుక్కున తలెత్తి అతని ముఖంలోకి చూసింది. వెంటనే దించుకుంది. కొంగు తల మీదికి లాక్కుంది.

తన చదువుకు జడిసిందనుకున్నాడు ధనంజయ.

ఏ ఊరంటే ఈ దగ్గరే అంది. ఏం చేస్తారంటే చెరకు తోట ఉందంది. ముత్తైదువలు కొండ మీద మూడు కత్తెర్లు ఇచ్చి ఊరుకుంటారు, నున్నగా గొరిగించుకున్నదంటే విధవే అని అతని లెక్క. పిల్ల చేతులకు మట్టిగాజులున్నాయి. నుదుట బొట్టూ ఉంది. అవి చూసైనా అతను ఆగలేదు సరిగదా, మురిసిపోయాడు. వీళ్లలో మొగుడు పోయినా గాజులు తీయరన్నమాట. బొంబాయిలో ఏ పంతులుకూ తెలియని సంగతి. పెన్సిలు తీసి రాసుకున్నాడు.

"మీ ఆయన పోయి ఎన్నాళ్లయింది?"

పిల్ల కిటికీ బయటికి చూసింది.

ఏడుస్తుందేమోనని కాసేపు ఆగాడు. ఏడవలేదు. చదువు లేనివాళ్లకు దుఃఖపడడం కూడా సరిగా రాదనుకున్నాడు.

ఆచారం మనిషి పెట్టుకున్నదే గనుక మనిషే తెంపుకోవచ్చునని చెప్పడం మొదలుపెట్టాడు. అందుకు రుజువుగా తన సంగతే ఎత్తాడు. తనకు పన్నెండో ఏట ఒక ఆరేళ్ల పిల్లను కట్టబెట్టారు. ఆ పిల్ల ఇంకా పుట్టింట్లోనే ఉంది. చిత్తూరు చేరగానే మామకు కబురంపి, నీ కూతురు నాకు వద్దు, ఆ పెళ్లి పెళ్లే కాదు అని చెప్పేస్తాడు.

"ఆ పిల్ల ఏం తప్పు జేసింది?"

తనంతట తాను ఆమె నోరు విప్పడం అదే మొదలు.

"తప్పేముండాది? అక్షరం ముక్క రాదు. నా పక్కన నిలబెట్టుకుంటే బొంబాయిలో నవ్వుతారు."

"మీరు సూసినారా?"

"పెళ్లిలో చూసుంటా. నిద్రపోతా ఉండింది."

"పేరేంది?"

ధనంజయ నోరు తెరిచాడు. ఆలోచించాడు. నవ్వేశాడు.

"గంగమ్మో వరదమ్మో. ఆ పక్క పల్లెల్లో అందరికీ అవే గదా పేర్లు."

పిల్ల కూడా నవ్వింది. ఆ నవ్వు అతనికి ఎందుకో నచ్చలేదు.

పూతలపట్టు వచ్చింది. పిల్ల అవ్వను తట్టి లేపి, మూట చంకన పెట్టుకుంది.

"ఉండు, ఒక్కటి మిగిలింది" అన్నాడు ధనంజయ. "పోయిన మీ ఆయన పేరేంది?"

అడిగి తనే నవ్వుకున్నాడు. మొగుడి పేరు నోట పలకని ఆడవాళ్ల దేశం ఇది. చచ్చినవాడి పేరైనా చెబుతారో చెప్పరో, అదీ రాసుకోవలసిన సంగతే.

పిల్ల అవ్వను దించి, తను దిగి, కిటికీ దగ్గరికి వచ్చింది. కొంగు మళ్లీ జారింది. ఈసారి సర్దుకోలేదు.

"పోయిన ఏడు బొంబాయిలో విషజొరమొచ్చి ఆస్పత్రిలో పడుండాడని తెలిసింది" అంది. "బతికితే తల ఇస్తానని కొండకు మొక్కుకుంటిని. మనిషి బతికినాడు. నిన్న ఇచ్చేసినా. మొగుడు మాత్రం ఇప్పుడే, ఆ బల్ల మీదనే పోయినాడు. మా నాయనకు నువ్వు కబురంపబళ్లేదు, నేను జెప్పుకుంటా. ఇంక పేరు పలకొచ్చు, రాసుకో."

రైలు కదిలింది.

మెడలో తాళి పడిన నాటి నుంచి ఒక్కసారీ నోట రానివ్వని పేరును ప్లాటుఫారం మీద అందరికీ వినబడేలా పలికింది: "ధనంజయ. చిత్తూరు మునిరామయ్య కొడుకు."