ఇంకా వాళ్ల గోడ

పాపమ్మ కట్టించుకోబోయే గోడలో చెంచాడు సిమెంటు కూడా పడకూడదని బ్రహ్మాజీ మేస్త్రీ నిర్ణయించుకున్నాడు. ఆమె కొనే సిమెంటంతా తను కట్టుకోబోయే కొట్లలోకి పోవాలి.

రెంటచింతల నుంచి మాచర్ల వెళ్లే రోడ్డు పక్కన ఇద్దరి స్థలాలూ ఆనుకునే ఉన్నాయి. పాపమ్మది విశాలంగా, దర్జాగా రోడ్డుకి ఎదురుగా ఉంది. బ్రహ్మాజీ స్థలం ముందు కరెంటోళ్ల ట్రాన్స్‌ఫార్మర్ తిష్ట వేసుకుని ఉంది. దాని వెనక కొట్టు పెడితే చావడానికి తప్ప కొనడానికి ఎవడూ రాడు. అందుకే మధ్యలో గోడ కట్టిపెట్టమని ఆమె పిలిచినప్పుడు అతనికి రెండు ఆశలు ఒకేసారి పుట్టాయి. ఒకటి ఆమె సిమెంటు మీద, రెండోది ఆమె స్థలం మీద.

వెంటనే ఫోన్ తీసి చూపించాడు.

"చూడు పిన్నీ. పెరూ దేశంలో కుస్కో అని ఊరుంది. అక్కడి గోడలియ్యి. రాయికి రాయి ఎట్టా అతుక్కుందో చూశావా? సందులో చాకు మొన గూడా దూరదు. పైన తెల్లోళ్లు కట్టుకున్న ఇళ్లు భూకంపాలకి కూలినయ్ గానీ కిందున్న ఈ గోడలు కదల్లేదంట."

"ఎవరు కట్టారు నాయనా?"

"ఇంకా వాళ్లు."

"ఆఁ, ఇంకా ఎవరు?"

"ఇంకెవరూ లేరు పిన్నీ. ఇంకా వాళ్లే."

"ఇంకా వాళ్ల సంగతి తర్వాత. ముందు కట్టిందెవరో చెప్పు."

తెల్లవాళ్లు రాకముందు ఆ కొండల్లో రాజ్యమేలిన జనం పేరే ఇంకా అని ఆమెకి అర్థమయ్యేలా చెప్పేసరికి బ్రహ్మాజీ చొక్కా తడిసిపోయింది.

"అయితే సిమెంటు అక్కర్లేదన్న మాట," అంది పాపమ్మ.

బ్రహ్మాజీ కంగారుగా అడ్డొచ్చాడు. "అట్టా అనమాక పిన్నీ! పైకి కనపడదు గానీ లోపల దండిగా పొయ్యాల. గోడకి గుండెకాయ అదే."

పాపమ్మ బుద్ధిగా తలూపింది. మర్నాడే సిమెంటు లారీ వచ్చింది. "హద్దు గూడా నువ్వే చూసుకో నాయనా. నా కళ్లకి ఏం ఆనుద్ది!" అంటూ కళ్లజోడు తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

అంత మాట అన్నాక బ్రహ్మాజీ ఆగుతాడా? రెండు కొట్లు పట్టేంత మేర ఆమె స్థలంలోకి జరిగి దారం కట్టాడు. ఆమె వచ్చి చూసి, "బాగుందయ్యా," అంది. ఇంటికెళ్లి భార్య శ్రీదుర్గకి ఆ మాట చెబుతూ పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఆ నవ్వు సాయంత్రం దాకానే నిలిచింది.

దుర్గి ఊరి వైపు నుంచి తెచ్చిన రాళ్లని ఎలాగోలా పేర్చేసి చేతులు దులుపుకోవచ్చని అతను అనుకున్నాడు. కానీ పొద్దు వాలగానే పాపమ్మ కూరగాయల చాకు పట్టుకుని వచ్చింది. రాళ్ల సందులో చాకు పెట్టింది. పిడి దాకా దిగింది.

"దూరింది నాయనా," అంది దిగులుగా.

విప్పి మళ్లీ పేర్చాడు. మర్నాడూ చాకు దూరింది. ఇక లాభం లేదని రాయిని ఎత్తడం, పెట్టి చూడటం, దించి చెక్కడం, మళ్లీ ఎత్తడం మొదలుపెట్టాడు. రెంటచింతల ఎండకి సుత్తి పట్టుకుంటే అరచెయ్యి చుర్రుమంటోంది. ఒక రాయికైతే పన్నెండు మూలలు తేలాయి. పదకొండు కుదిరాయి. పన్నెండోది కుదరక గోడ నీడన కూలబడి ఏడ్చాడు. పాపమ్మ మజ్జిగ ఇచ్చి ఓదార్చి, చాకు నూరుకోవడానికి వెళ్లింది.

"సిమెంటేసి కట్టుంటే ఎప్పుడో అయిపోయేది గదయ్యా?" అంది శ్రీదుర్గ, అతని నడుముకి మందు రాస్తూ.

"సిమెంటేస్తే మనకేం మిగుల్తదే?"

గోడకి అవతల పక్క అతని కొట్ల పని మాత్రం జోరుగా సాగుతోంది. మధ్యాహ్నం పాపమ్మ కునుకు తీసే వేళ సిమెంటు బస్తాలు గోడ దాటేవి. చాంద్ బాషా అనే ఇంకో మేస్త్రీ వాటితో రెండు కొట్లు లేపాడు. స్లాబు పడింది. షట్టర్లు బిగించారు.

చివరికి ఒక సాయంత్రం చాకు ఎక్కడా దూరలేదు. గోడ పూర్తయింది. మాచర్ల వెళ్లే కార్లు ఆగి మరీ ఫొటోలు తీసుకుంటున్నాయి. ఎవరో పెళ్లికూతురు ఆ పన్నెండు మూలల రాయికి చెంప ఆనించి నిలబడితే, బ్రహ్మాజీకి కళ్లు చెమర్చాయి. దొంగతనం కోసం మొదలుపెట్టిన పని ఇంత బాగా వస్తుందని అతను కలలో కూడా అనుకోలేదు.

కొట్లు తెరిచే రోజు బ్రహ్మాజీ కొత్త చొక్కా వేసుకుని, కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డాడు. పాపమ్మ కూడా వచ్చింది. వెంట మండల సర్వేయరుని తీసుకొచ్చింది.

సర్వేయరు యంత్రం నిలబెట్టి కొలిచాడు. గోడ దాటాడు, కొట్లు దాటాడు, ట్రాన్స్‌ఫార్మర్ పక్కకి వెళ్లి ఎర్రజెండా పాతాడు.

"హద్దు ఇదీ. కొట్లు రెండూ పాపమ్మగారి స్థలంలోనే ఉన్నాయి."

బ్రహ్మాజీ తెగించాడు.

"అదెట్టా కుదురుద్ది సార్? గోడ ఈడుంటే హద్దు ఆడెట్టా ఉంటది? కట్టిన గోడని ఎవరు జరుపుతారు? లోపలంతా సిమెంటు పోశా!"

పాపమ్మ గోడ దగ్గరికి నడిచి, పై వరసలోంచి ఒక చిన్న రాయిని రెండు చేతులతో సులువుగా ఎత్తింది. దానికి సిమెంటు మరక కూడా లేదు. దాన్ని తెచ్చి బ్రహ్మాజీ చేతుల్లో, కొబ్బరికాయ పక్కన పెట్టింది.

"ఇట్టాగే ఒక్కో రాయీ విప్పుకుని పోయి ఆ జెండా కాడ కట్టు నాయనా. జరిపే గోడకి సిమెంటు దండగని నేను ముందే అనుకున్నా, నువ్వు గూడా నా సిమెంటంతా దాచి దాచి, జరగకూడని నా కొట్లకే పోశావు."