రాసినవారి సమ్మతి

సాయంత్రం ఐదింటికల్లా రాసినవారి సమ్మతి రాకపోతే ఆ పేజీ చెరిగిపోతుంది. అప్పటికే మూడున్నరయింది.

అది ఆన్‌లైన్‌లో ఆడే కథల ఆట. ఆడేవాళ్ళు తమకు నచ్చిన పాత్రను కల్పించుకుని, దాని వివరాలు ఒక పేజీలో రాసుకుంటారు. ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఆ పేజీ ఆఫీసుకు వస్తుంది. దాన్ని దిద్దితే, నెలలోపు రాసినవారు సరేనంటేనే నిలుస్తుంది. తిట్ల గొడవలు చూడటానికి ఒకరు, రక్తపాతం గొడవలు చూడటానికి ఒకరు ఉన్నారు. శరీర వర్ణనల గొడవలన్నీ ఆమెవి. పదకొండేళ్ళుగా ఇదే పని. వాళ్ళమ్మ వేళాకోళం చేసేది కూడా, "ఇవాళ ఎవరి ఒళ్ళు దిద్ది వచ్చావే?" అని.

అమ్మ పోయి ఇరవై రోజులైంది.

ఆమె ఆస్పత్రిలో అమ్మ మంచం పక్కన కూర్చుని ఉన్న రోజుల్లో వచ్చింది ఈ ఫిర్యాదు. ఒకరి బల్ల మీది పని ఇంకొకరు ముట్టుకోరు కాబట్టి అలాగే పడి ఉంది. ఇవాళ్టితో దాని నెల గడువు తీరిపోతుంది.

"ఫిర్యాదు చేసిందెవరో చూశావా?" అంది పక్క సీటు స్నేహితురాలు. "ఆ పేజీ రాసిన మనిషే! తన మీద తనే చాడీలు చెప్పుకునేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నా."

"రాశాక సిగ్గేసిందేమో."

"సిగ్గేస్తే చెరిపేసుకోవచ్చుగా, బటన్ అక్కడే ఏడ్చింది. మన దాకా తేవడం ఎందుకు?"

ఆమె తెర వైపు తిరిగింది. ఫిర్యాదు మరోసారి చదివింది. 'మాటలు మోటుగా ఉన్నాయి. నాకు ఇంతకంటే చేతకాలేదు. తెలిసినవాళ్ళు దిద్దాలి.' అంతే.

పాత్ర ఓడల తెరచాపలు కుట్టే అమ్మాయి. ఆడా మగా అన్న చోట రెండు గడుల్లోనూ టిక్కు పెట్టి ఉంది. కింద వివరం. 'బయటికి ఆడపిల్లే. కడుపులో మాత్రం మగవాళ్ళకుండే గ్రంథులు. సగం అదీ సగం ఇదీ. పుట్టుకలోనే లోపం. పసిగుడ్డుగా ఉన్నప్పుడే కోయించి తీయించాం. ఎవరికీ తెలియకూడని సంగతి. దానికి కూడా తెలీదు.'

ఇలాంటి పేజీలు ఆమెకు కొత్త కాదు. చాలావరకు వెకిలితనం కోసం రాసినవే ఉంటాయి, వాటిని మొహమాటం లేకుండా చెరిపేస్తుంది. ఇందులో వెకిలితనం లేదు. మోటుతనం ఉంది, భయం ఉంది. చెరిపేయడానికి చెయ్యి రాలేదు.

ఒక్కొక్క మాటే దిద్దుకుంటూ వచ్చింది. 'సగం అదీ సగం ఇదీ' తీసేసి, 'ఆడవాళ్ళ గుర్తులూ మగవాళ్ళ గుర్తులూ కలిసి ఉన్న నిండు శరీరం' అని రాసింది. 'పుట్టుకలోనే లోపం' కొట్టేసి 'పుట్టుకతో వచ్చిన తీరు' అంది. 'తీయించాం' దగ్గర కాసేపు ఆగింది. పాత్ర వివరాల్లో ఈ 'మేము' ఎవరు? చేతకాని రాత అనుకుని 'తీయించారు' అని మార్చింది. 'ఎవరికీ తెలియకూడని సంగతి' అన్నచోట 'తనకు నచ్చినవాళ్ళకు, తనకు తోచినప్పుడు చెప్పుకునే సంగతి' అని పెట్టింది. చివర తన సొంతంగా ఒక వాక్యం చేర్చింది, 'ఆమెలో బాగుచేయాల్సింది ఎప్పుడూ ఏమీ లేదు' అని.

అది రాశాక అమ్మ గుర్తొచ్చింది. ఈమధ్య దేనికైనా గుర్తొస్తోంది.

ముఖ్యంగా ఆ ఆఖరి రోజులు. ఆస్పత్రిలో కళ్ళు తెరిచినప్పుడల్లా ఒకటే పాట, "ఆఫీసుకు వెళ్ళవే. పని పేరుకుపోయి ఉంటుంది. ఒక్క పూట వెళ్ళి రా." ఆఖరికి ఆమెకు ఒళ్ళు మండి, "నన్నెందుకమ్మా వదిలించుకోవాలని చూస్తున్నావ్?" అనేసింది. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత ఇద్దరూ సరిగ్గా మాట్లాడుకున్నది లేదు.

నాలుగైంది. బిళ్ళ వేసుకునే వేళ. పధ్నాలుగో ఏట మొదలుపెట్టిన బిళ్ళ, ఎముకల బలానికట. డాక్టరు దగ్గరికి ఎప్పుడూ అమ్మే వెంట వచ్చేది, చీటీలన్నీ అమ్మే దాచేది. బ్యాగులో చెయ్యి పెడితే ముందు అమ్మ ఫోను తగిలింది. అమ్మ చుట్టాలెవరైనా చేస్తారేమోనని రోజూ చార్జింగ్ పెట్టి వెంట తెచ్చుకుంటోంది. వారం నుంచి ఎవరూ చేయలేదు.

దిద్దిన పేజీని సమ్మతి కోసం పంపింది. నాలుగున్నర దాటినా జవాబు రాలేదు.

"పోనీలెద్దూ, చెరిపేస్తే పోలా?" అంది స్నేహితురాలు బ్యాగు సర్దుకుంటూ.

"ఎవరో పాపం, లోపల పెట్టుకోలేక రాసుకున్నారే. ఇంత దిద్దాక ఎలా చెరిపెయ్యను?"

"అయితే ఫోన్ చెయ్యి. ఆఖర్న ఒక్కసారి చెయ్యొచ్చుగా."

నిజమే, ఆ వెసులుబాటు ఉంది. రాసినవాళ్ళ పేరూ నంబరూ సిబ్బందికి కనబడవు. తెర మీది బటన్ నొక్కితే ఆఫీసు లైను నుంచి కలుస్తుంది, అంతే.

ఏం మాట్లాడాలో ఆమె మనసులో కూర్చుకుంది. నమస్కారమండీ, మీ తెరచాపల అమ్మాయి పేజీ చాలా బాగుంది, నాలుగు మాటలు దిద్దాను, ఒకసారి చూసి సరేనంటే చాలు.

అయిదుకు ఏడు నిమిషాలుందనగా చెవికి ఇయర్‌ఫోన్ తగిలించుకుని బటన్ నొక్కింది.

అవతల రింగవడం మొదలైన మరుక్షణం, ఆమె బ్యాగులో అమ్మ ఫోను మోగింది.