నడిమి గదిలో ఆరుగురు

"గురువారం బావ దిగుతాడు. నడిమి గది ఖాళీ చెయ్యి," అన్నాడు మోహనకృష్ణ.

"కుదర్దు. అందులో సర్వర్లు పెడతన్నాను," అంది ఇంద్రజ.

సీతమ్మధారలో వాళ్ళది మూడు గదుల వాటా. పెళ్ళయిన కొత్తలో ఆడపడుచు మొగుడు గవర్రాజు, స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు పనికని రెండు నెలలకు వచ్చి, ఆ నడిమి గదిలో పద్నాలుగు నెలలున్నాడు. ఇప్పుడూ "రెండు నెలలే"నట. బావ మాట కాదనడం మోహనకృష్ణ వల్ల కాదు.

ఇంద్రజ ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూస్తుంది. ఇంట్లో ఒక్క కంప్యూటరుంటేనే వీధంతా వచ్చి చూసిపోయే 2004 అది. ఆమె ఏకంగా ఆరు కంప్యూటర్లకి ప్లాను వేసింది. గోడకి చార్టు అంటించింది. నిండా డబ్బాలూ బాణాలూ. పూర్ణా మార్కెట్ దగ్గర పాత సామాన్ల కొట్టు నుంచి ఆరు కంప్యూటర్ క్యాబినెట్లూ ఒక్క ఆటోలో, ఒక్కతే తెచ్చుకుంది.

పేర్ల దగ్గరే ఆలస్యమైంది. చివరికి గవర్రాజుతో వదిన తాయారు పెళ్ళి శుభలేఖ వెతికి తీసి, అందులోంచి ఆరు పేర్లు రాసి అంటించింది. ఒక్కోదానికీ పసుపు రాసి బొట్టు పెట్టింది.

గురువారం గవర్రాజు పెట్టెతో దిగాడు. గదిలో గుయ్యిమని హోరు. డబ్బాల సందుల్లోంచి ఎర్రగా, పచ్చగా మిణుకులు.

"ఏటమ్మా ఇయ్యన్నీ?"

"క్లస్టరంటారన్నయ్యా. ఒకటి పడిపోతే ఇంకోటి దాని పని అందుకుంటాది. మనం ముట్టుకోకూడదు. అన్నీ వాటంతటవే చూసుకుంటాయి."

గవర్రాజు వంగి పేర్లు చదివాడు. భీమశంకరరావు, వాళ్ళ నాన్న. ముసలమ్మ, నాయనమ్మ. చిట్టమ్మ, అమ్మమ్మ. గబుక్కున చేతులు జోడించాడు.

"పెద్దల పేర్లయితే మొండికెయ్యవని..." అంది ఇంద్రజ వినయంగా.

ప్లాంటులో బొట్టు పెట్టిన మిషన్‌కి కాలు తగిలితే కళ్ళకద్దుకునే మనిషతను. భోజనమయ్యాక డబ్బాల మధ్య చాప పరుచుకుని నడుం వాల్చాడు. కాళ్ళు నాన్న వైపున్నాయి. తిరిగాడు. నాయనమ్మ. మూలగా జరిగాడు. అమ్మమ్మ. ఇంక లాభం లేదని లేచి బాసింపట్టు వేసుకు కూర్చున్నాడు.

మోహనకృష్ణ ఒక పేరు చీటీ మీద గోరు పెట్టాడు. "పేర్లు పీకేద్దాం బావా!"

"తప్పురా. పెద్దోల పేరెట్టి తీసేత్తారేటి?"

"పోనీ, డాబా మీద పెట్టేత్తాను."

"మా నాన్నని ఎండలో కూకోబెడతావేట్రా?"

సాయంత్రమయ్యేసరికి, గోపాలపట్నంలో తనతో పనిచేసే ఫిట్టర్ ఇంట్లో ఒక గది ఖాళీగా ఉందని గవర్రాజుకి గుర్తొచ్చింది.

"మావోలు జాగర్తమ్మా," అని గుమ్మంలో ఇంద్రజకి అప్పజెప్పాడు. దింపి రావడానికి మోహనకృష్ణ కూడా, మొహం వేలాడేసుకుని, ఆటో ఎక్కాడు.

ఆటో సందు మలుపు తిరిగాక ఇంద్రజ లోపలికొచ్చి, వైరు ముక్కైనా లేని ఆరు ఖాళీ డబ్బాల వెనక్కి చెయ్యి పోనిచ్చి, టేబుల్ ఫ్యానూ వినాయక చవితి సీరియల్ లైట్లూ ఆపేసింది.